సాఫ్ట్‌వేర్‌కు లేని చెయ్యి

పొద్దున్నే మా మేనత్త ఫోన్ చేసింది. "ఏం మే, హైవే మీద మన దారి మూసేస్తారంట కదా! అదేదో నువ్వు చేసే కంప్యూటర్ పనేనంట. నిజమేనా?"

నిజమే. చిల్లకూరు దాటాక మా ఊరి రోడ్డు హైవేని కలిసే చోట డివైడర్‌లో ఒక ఖాళీ ఉంది. మా నిమ్మకాయల ఆటోలు అందులోంచే అవతలికి దాటి గూడూరు మార్కెట్టుకు పోవాలి. అది మూస్తే యూటర్న్ కోసం ఎక్కడికో పోయి తిరిగి రావాలి. వేలం అయిపోయాక చేరిన కాయను అడిగే నాథుడుండడు. అత్తకు ఉన్న ఆధారం ఆ నిమ్మతోట ఒక్కటే. ఖాళీ ఉంచాలా, మూయాలా అని ట్రాఫిక్ సిమ్యులేషన్ చేసి తేల్చే పని మా ఆఫీసుకు వచ్చి, ఆఫీసులో సరిగ్గా నా నెత్తిన పడింది.

కంప్యూటర్లో అచ్చం అదే కూడలి గీశాను. ఎవరు ముందు పోవాలి, ఎవరు ఆగాలి అన్నది దానికి మనమే చెప్పాలి. పుస్తకంలో ఉన్నట్టే చెప్పాను: హైవే బండ్లు ముందు, పక్క రోడ్డువి సందు దొరికేదాకా ఆగాలి. నడిపించి చూస్తే లారీలు దూసుకుపోతున్నాయి, నా ఆటోలు అత్తారింటికొచ్చిన కొత్త కోడళ్ళలా ఒదిగి నిలబడ్డాయి. ఒక్కటీ దాటదే! వరస పెరిగి పెరిగి తెర అంచు దాటిపోయింది.

మా బాస్ వెనక నిలబడి చూశారు. "చూశావా అమ్మా, ఈ కూడలి పనిచేయదు. మూసేయమని రాసేద్దాం."

నాకు ఒళ్ళు మండింది. పనిచేయకపోతే ఇన్నేళ్ళూ మా నిమ్మకాయలు గూడూరుకు రెక్కలు కట్టుకుని ఎగిరాయా?

కూడలిలో కెమెరా పెట్టి తీయించిన వీడియో ముందేసుకుని కూర్చున్నాను. ఒక ఆటో హైవే అంచుకు వచ్చింది. అందులోంచి అరచెయ్యి ఒకటి బయటికొచ్చింది, ఆగబ్బా అన్నట్టు. లారీ నెమ్మదించింది. ఆటో దాటింది, దాని వెనకే ఇంకొన్ని దాటాయి. మళ్ళీ ఇంకో ఆటో, మళ్ళీ ఇంకో చెయ్యి.

ఓరి దేవుడా, ఆ చెయ్యి నాకు తెలియనిదా! చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఆటో డ్రైవరుకు ఎడమపక్క అత్త, కుడిపక్క నేను. హైవే రాగానే "పెట్టు మే చెయ్యి!" అని అరిచేది. నేను చెయ్యి చాపితే అంతంత లారీలు వేగం తగ్గించేవి. కలెక్టరుకైనా ఇంత దర్జా ఉంటుందా అనుకునేదాన్ని. మా వైపు చెయ్యి పెట్టకుండా హైవే దాటే ఆటో లేదు. పాపం, సాఫ్ట్‌వేర్‌కు ఆ చెయ్యి లేదు.

రూలు మార్చాను. ఆటో మూతి రోడ్డెక్కితే హైవే బండి నెమ్మదించాలి, ఒకటి కదిలితే వెనకవి దాన్ని అంటుకునే పోవాలి, చిన్న సందైనా చాలు. మొదట్లో అంతా చెడింది. ఒకసారైతే లారీలన్నీ మహా మర్యాదస్తులైపోయి హైవే మొత్తం ఆగిపోయింది. దిద్దగా దిద్దగా తెర మీది వరస వీడియోలోని వరసతో సరిపోయింది. కుర్చీలోంచి లేచి నాకు నేనే చప్పట్లు కొట్టుకున్నాను, ఎవరేమనుకుంటే నాకేం!

అయితే చేతిని నమ్ముకుని ఎన్నాళ్ళు దాటుతారు? బ్రేకు పడని లారీ ఒక్కటి వస్తే చాలు. అందుకని అదే కూడలికి సిగ్నల్ తగిలించి మళ్ళీ నడిపాను. ఆటోలు దాటాయి, హైవే కూడా పెద్దగా నిలవలేదు.

"చెయ్యి పెట్టడం కూడా రూలేనా అమ్మా?" అని బాస్ నవ్వారు. నేను వీడియో, సిమ్యులేషన్ పక్కపక్కన ఆడించాను. ఆయన నవ్వు ఆపి కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. చివరికి "సరే, సిగ్నలే అడుగుదాం" అన్నారు. అడిగాం. రోడ్డు అధికారులు ఒప్పుకున్నారు.

సిగ్నల్ వెలిగాక సెలవు పెట్టి ఊరికి పోయాను. ఆటోలో నిమ్మకాయల బస్తాల ముందు, డ్రైవరుకు ఎడమపక్క అత్త, కుడిపక్క మళ్ళీ నేనే. ఎర్ర లైటు పడింది.

"ఎంతసేపు మే ఈ కాపలా?" అని అత్త సణిగింది.

"గమ్మునుండత్తా, వస్తాది."

పచ్చ లైటు వచ్చింది. అలవాటు ఎక్కడికి పోతుంది, ఇద్దరం చెరో చెయ్యి బయటికి చాపాం. తీరా చూస్తే లారీలు ముందే గీత దగ్గర బారుగా నిలబడి ఉన్నాయి. అత్త అటూ ఇటూ చూసి, మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"ఇన్నేళ్ళు చెయ్యి పెట్టి బతిమాలుకున్నాం గద మే," అంది. "ఈ పొద్దు అడక్కుండానే నిలబడినాయి."