తీగ చుట్టిన చిక్కం

స్వాతంత్ర్యం వచ్చిన రెండో వేసవిలో, ఆగిరిపల్లి పక్కన మా నాన్న కౌలుకు తీసుకున్న మామిడితోట అజమాయిషీ నా చేతికి వచ్చింది. కాయ కోసేవాళ్లలో ఒకతను యుద్ధకాలంలో విమానాల దగ్గర వైర్‌లెస్ మెకానిక్‌గా పనిచేసి వచ్చాడు. తోటల్లో కూలి చేసుకునే క్రైస్తవ కుటుంబం వాళ్లది. వాళ్ల నాన్న మా నాన్నను ‘అయ్యా’ అనేవాడు. ఇతను నన్ను ‘అండీ’ అనేవాడు. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, నా అనుమానం అక్కడే మొదలైంది.

అప్పట్లో పోలీసులు కమ్యూనిస్టుల కోసం ఊరూరా గాలిస్తున్నారు. కొత్త మనిషి కనిపిస్తే ఎవరింటికి వచ్చాడని మేమే ఆరా తీసేవాళ్లం.

ఒక మధ్యాహ్నం కూలీలంతా అన్నాలకు కూర్చుంటే, ఇతను తోట చివర గట్టు మీద నిలబడి ఉన్నాడు. కాయ కింద పడకుండా కోసే చిక్కం అతని చేతిలో ఉంది. వెదురుగడ కొసన ఉంగరం, ఉంగరానికి వల ఉండాలి. వల విప్పేసి, ఉంగరం చుట్టూ రాగితీగ చుట్టాడు. తీగ కొసలు ఒక చెక్కపెట్టెలోకి పోయాయి. చెవులకు రెండు నల్లటి డిప్పలు. గడ మెల్లగా తిప్పుతూ, ఆగుతూ, కాగితం మీద అంకెలు వేసుకుంటున్నాడు.

“ఎవరితో మాట్లాడుతున్నావురా?”

“ఇది మాట్లాడదండి. వింటుందంతే. పెట్టుకు చూడండి.”

పెట్టుకున్నాను. మద్రాసు స్టేషను పాట సన్నగా వినిపించింది. ఉంగరం అంచు దక్షిణానికి ఉన్నప్పుడు గట్టిగా వచ్చిన పాట, అతను గడ తిప్పి దాని ముఖం అటు పెట్టేసరికి ఆగిపోయింది.

“పాట ఆగినప్పుడు ఉంగరం ఎటు చూస్తే స్టేషను అటుందండి. లేదంటే సరిగ్గా వెనక వైపు. బెజవాడ స్టేషను కూడా ఇలాగే పట్టి, మ్యాపు మీద రెండు గీతలు గీస్తే, అవి కలిసినచోట మనం ఉన్నట్టు. మబ్బులో పడ్డ పైలట్‌కి కళ్లుండీ లాభం లేదు కదండీ. విమానంలో అయితే ముల్లు దానంతటదే తిరిగి దిక్కు చూపిస్తుంది. ఇంకో పెట్టె కిందికి రేడియో అలలు పంపి, అవి నేలకు తగిలి తిరిగొచ్చేదాన్ని బట్టి ఎంత ఎత్తులో ఉన్నామో చెప్తుంది.”

“అన్నీ పెట్టెలే చేస్తే ఇంక పైలట్ ఎందుకు?”

“నడిపేది ఆయనేనండి. ఇవి సాక్ష్యం చెప్తాయంతే. ఒక్కదాని మాట పట్టుకుని పోడు. ఇంకోదాన్ని కూడా అడుగుతాడు.”

సోమవారం మద్రాసు విమానాశ్రయంలో వైర్‌లెస్ ఉద్యోగానికి పరీక్ష ఉందనీ, చేసి చూపించాలి కాబట్టి సాధన చేసుకుంటున్నాననీ చెప్పాడు. ఆ పని దొరికితే వాళ్లమ్మను కూలి మాన్పిస్తాడట.

చెప్పిందంతా నాకు అర్థమైంది. అయినా ఇంటికి పోయే దారంతా తవ్వుకుంటూనే ఉన్నాను. వినే పెట్టె మాట్లాడలేదని ఏంటి నమ్మకం? ఆ అంకెలు ఎవరి కోసం? మా తోటే ఎందుకు? కూలివాడు నాకు పాఠం చెప్పడమేంటన్నది అన్నిటికన్నా అడుగున ఉంది. దాన్ని మాత్రం నేను తవ్వలేదు.

మర్నాడు నూజివీడు వెళ్లి సబ్ ఇన్‌స్పెక్టరుకు చెప్పాను.

“అందులో వాడు మాట్లాడ్డం నువ్వు చూశావా?” అన్నాడాయన.

“గడ తిప్పుతుంటే చూశానండి.”

అది అబద్ధం కాదు. డిప్పలు నా చెవులకే పెట్టుకున్నాననీ, పాట తప్ప ఏమీ వినలేదనీ మాత్రం చెప్పలేదు. అడిగితే చెబుదామనుకున్నాను. ఆయన అడగలేదు.

ఆ సాయంత్రమే అతన్ని తీసుకుపోయారు. సోమవారం అతను లాకప్‌లో ఉన్నాడు. ఆ తర్వాత బెజవాడ నుంచి పోలీసుల వైర్‌లెస్ మనిషి వచ్చి, పెట్టె మూత తీసి చూసి, ఇది వినడానికే తప్ప పంపడానికి పనికిరాదని తేల్చాడు. అతన్ని వదిలేశారు.

రెండు రోజులు ఆగి వాళ్లింటికి వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. గుమ్మంలోనే వాళ్లమ్మ ఎదురొచ్చింది.

“రండి బాబూ. స్టేషనుకెళ్లి మా వాడి గురించి చెప్పింది మీరేనంటగా. మీరెళ్లబట్టే వదిలారని అందరూ అంటున్నారు.”

అతను మంచం మీద కూర్చుని, పోలీసులు తెంపేసిన తీగ ముళ్లు విప్పుతున్నాడు. తలెత్తి చూశాడు.

“ఎప్పుడెళ్లారండీ?”

నేను వంగి చెప్పులు విడిచాను.

“ఎప్పుడెళ్తే ఏంట్రా, పెద్దమనసుతో వెళ్లారు,” అంటూ ఆమె పీట తెచ్చి, కొంగుతో తుడిచి వేసింది. అతను నా వైపే చూస్తున్నాడు.

నేను కూర్చున్నాను.