నేను కడిగిన రక్తం

ఈ మధ్య మా బస్తీ వాళ్లు నా జీవితం గురించి రాసిపెట్టమంటున్నారు. ముప్పై ఏళ్లు నాటకాలు వేశావు, పిల్లల్ని పెంచావు, బస్తీకి ఎంతో సేవ చేశావు అంటారు. చేశాను, కాదనను. కలకత్తాలో మా శ్రీకాకుళం వాళ్ల మధ్య తెలుగు నాటకమంటే నేనే. కానీ సేవ అన్న మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. నేను చేసిన సేవల్లో ఒకటి మా చెల్లెలి కొంప ముంచింది.

మునిసిపాలిటీలో వీధులు కడిగే పని నాది. తెల్లవారుజామున రోడ్డు పక్క కొళాయికి గొట్టం బిగించి గంగ నీళ్లతో కడగాలి. ముందు చీపురు వాళ్లు వెళ్తారు, వెనక నేను. మా చెల్లెలి మొగుడు చీపురు వరసలో ఉండేవాడు. అవి ఎర్రజెండాల రోజులు. జెండా ఏ రంగుదైనా, యూనియన్ మారినవాడికి తన్నులు మాత్రం ఖాయం. బావ మారాడు.

ఒక మధ్యాహ్నం పాత యూనియన్ వాళ్లు టీ కొట్టు బెంచీ మీద నుంచి అతన్ని జుట్టు పట్టి ఈడ్చారు. నలుగురు. సైకిల్ గొలుసులు, ఒకడి చేతిలో ఇనప రాడ్డు. మొదటి దెబ్బకు దవడ పక్కకు పోయింది. రెండో దెబ్బకు మోకాలు విరిగిన చప్పుడు మా గుమ్మం దాకా వినిపించింది. కింద పడ్డాక ఇటుకలు అందుకున్నారు. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను. నలుగురి మొహాలూ చూశాను. వాళ్లలో ఇద్దరు ఒకప్పుడు నా నాటకాల్లో వేషం కట్టినవాళ్లే. నా చేయి గడియ మీదే ఉంది, తీయలేదు. భయం, అంతే.

వాళ్లు వెళ్లాక పరుగెత్తాను. బావను చెత్తబండి మీద వేసుకుని ఆస్పత్రికి తోశాను. అతని నోట్లోంచి నెత్తుటి బుడగలే తప్ప మాట రాలేదు.

మర్నాటికి అతను కొన ఊపిరితో ఉన్నాడు. చెల్లెలు ఆస్పత్రిలోనే ఉంది. వాళ్ల ఆడపిల్లలిద్దరూ మా ఇంట్లో పడుకున్నారు. లేవగానే ఆ దారినే నీళ్లకు వెళ్లాలి. తండ్రి రక్తం తొక్కుతూ వెళ్లకూడదనుకున్నాను. గొట్టం బిగించి కడిగాను. గడ్డకట్టినది ఊడకపోతే చీపురు తిరగేసి గీకాను. రెండు పళ్లు, వెంట్రుకలు అంటిన ఇటుక, తెగిన గొలుసు ముక్క, అన్నీ బండిలోకి ఎత్తి చెత్తకుప్పలో పారబోశాను. ఆ వీధిని అంత శుభ్రంగా నేనెప్పుడూ కడగలేదు. మంచిపని చేశాననుకున్నాను కూడా, సిగ్గు లేకుండా.

ఎనిమిదింటికి బావ పోయాడని కబురు వచ్చింది. పదింటికి పోలీసులు వచ్చారు. ఎస్సై నేల చూశాడు, ఇంకా తడిగా ఉన్న నా లుంగీ చూశాడు. "ఎఖానే తో కిచ్ఛు నేయ్" అని నవ్వాడు, ఇక్కడేమీ లేదే అని. నువ్వు చూశావా అని అడిగితే లేదన్నాను. నెల తిరక్కుండా ఆ నలుగురూ అదే బెంచీ మీద కూర్చుని టీ తాగారు.

చెల్లెలికి మొగుడి ఉద్యోగం ఇచ్చారు. అదే చీపురు, అదే వీధి. ఎనిమిదేళ్లు రోజూ ఆమె ముందు ఊడుస్తూ, నేను వెనక కడుగుతూ నడిచాం. ఒక్క మాట లేదు. పండక్కి నా భార్య పంపిన బూరెలు గిన్నెతో సహా తిరిగొచ్చేవి.

నేనేం చేశాను? నాటకం రాశాను. నాకొచ్చిన విద్య అదొక్కటే. అందులో బావను కొడుతుంటే బావమరిది వెదురుకర్రతో వీధిలోకి దూకుతాడు, నలుగురినీ చితకబాదుతాడు. ఆ వేషం నేనే కట్టాను. ఆదివారం మధ్యాహ్నం బస్తీ అంతా వచ్చి కూర్చుంది. ఆ నలుగురూ ముందు వరస కుర్చీల్లోనే ఉన్నారు, ఇది తమ కథ కానట్టు నవ్వుతూ. నేను కర్ర తిప్పుతుంటే ఈలలే ఈలలు. అవి నాకు తలకెక్కాయి.

చెల్లెలు జనంలోంచి లేచి స్టేజీ ఎక్కింది. నా చేతిలో కర్ర లాక్కుంది. ఇదీ నాటకంలో భాగమే అనుకుని జనం ఇంకా ఈలలు వేశారు. తల మీద కొట్టింది. మోకాళ్ల మీద పడ్డాను. భుజం మీద కొట్టింది, మళ్లీ అక్కడే కొట్టింది. ఎముక విరిగిన చప్పుడుకు ఈలలు ఆగిపోయాయి.

"తలుపెనక నిలబడ్డోడివి," అంది. ఎనిమిదేళ్ల తర్వాత నాతో అన్న మొదటి మాట అదే. ఆ సంగతి నా భార్యే చెప్పి ఉంటుంది. "రగతం కడిగీసినోడివి. అది ఆడు. అది ఆడి సూపించు."

నా నెత్తురు స్టేజీ చెక్కల మీదికి కారుతోంది. నా భార్య బకెట్‌తో నీళ్లు తెచ్చింది. చెల్లెలు కర్ర అడ్డం పెట్టింది.

"నీల్లు పొయ్యొద్దు వొదినా. ఎండనీ. పోలీసోల్లని పిలండి. ఎవులు కొట్టినారంటే నానే అని సెప్తాను."

పోలీసులొచ్చేదాకా ఆ మరక పక్కనే నిలబడింది. ఎవర్నీ దగ్గరికి రానీయలేదు. ఈసారి వచ్చిన ఎస్సై కొత్తవాడు. కొట్టింది తానేనని ఆమె బెంగాలీలో చెప్పింది. ఎందుకని అడిగాడు. ఆమె నా వంక చూసింది. తలుపు సందులోంచి చూసినదంతా చెప్పాను. నేను కడిగింది చెప్పాను. ఖాళీ అయిన నాలుగు కుర్చీలు చూపించి నాలుగు పేర్లూ చెప్పాను. ఎస్సై కలం ఆపేశాడు.

"లిఖున్," అంది చెల్లెలు. రాయండి, అని.

రాశాడు. ఎడమ చేత్తో సంతకం పెట్టాను. ఆ కాగితం ఎక్కడికీ కదల్లేదు, ఆ నలుగురిలో ఒక్కడూ జైలు మొహం చూడలేదు. అది తెలియడానికి ఇంకా చాలా నెలలు పట్టింది. ఆ రోజు మాత్రం సంతకం అయ్యాక ఆమె కర్ర పక్కన పడేసి, నా విరగని చేయి పట్టుకుంది.

"లెగు అన్నియ్యా," అంది. "ఆస్పత్రికి పోదాం."