తొమ్మిదికీ పదికీ మధ్య

టైలరక్కకు అంకెలంటే టేపు మీది అంకెలే. ఇరవై ఏళ్లుగా స్కూలు యూనిఫారాలు కుట్టి కుట్టి ఆమె నాలుకకు పావులూ అరలూ అలవాటైపోయాయి. ఎనిమిదేళ్ల కూతురు గువ్వకు మాత్రం పావులూ అరలూ లేవు. ఆటిజం ఉన్న పిల్ల. మాటలు రావు గానీ ఒకటి నుంచి పది దాకా అంకెలంటే ప్రాణం. గోళ్లు తీయాలన్నా, తల దువ్వాలన్నా అమ్మ పది లెక్కపెడుతుంది, పిల్ల ఓర్చుకుంటుంది. పది అనగానే వదిలేయాలి. ఆ ఒప్పందం మీదే ఆ ఇల్లు నడుస్తోంది.

కింది దవడ పన్ను పుచ్చి బుగ్గ వాచింది. నాలుగు రోజులుగా గువ్వ ముద్ద ముట్టలేదు. నొప్పని చెప్పడం చేతగాక దవడను గోడకేసి కొట్టుకుంటోంది. నోరు గలవాడిదే రాజ్యమని ఊరికే అన్నారా! టైలరక్క మూడు పళ్ల ఆసుపత్రుల మెట్లెక్కి దిగింది. "పిల్ల కుదురుగా కూర్చుంటేనే తీసుకురండి" అన్నారు ఒకచోట. కుదురుగా కూర్చునే పిల్లయితే వీళ్లను బతిమాలుకునే ఖర్మేమిటి? తాము చూడరు, చూసేదెవరో చెప్పరు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదన్న సామెతే. పెద్దాసుపత్రిలో మత్తిచ్చి చేస్తారట, వంతు రావడానికి ఏడు నెలలు.

నాలుగోచోట డాక్టరమ్మ మంచిది. తెల్లకోటు కూడా తీసి పక్కన పెట్టింది.

"పది లెక్కపెడతానండి. పదనగానే మీరు చెయ్యి తీసెయ్యాలి. కాసేపాగితే తనే మళ్లీ నోరు తెరుస్తుంది. ఇంట్లో చెంచా, టార్చి పెట్టి రెండు రోజులు అలవాటు చేశాను."

"అలాగేనమ్మా. మూడుసార్లు తెరిస్తే చాలు, పుచ్చు గీకేసి మందు పెట్టేస్తాను."

మొదటిసారి తెరిచింది. రెండోసారీ తెరిచింది. టైలరక్కకు ఏడుపొచ్చినంత పనైంది. మూడోసారి ఎనిమిది దగ్గరకు వచ్చేసరికి డాక్టరమ్మ "ఇంకొక్క క్షణం" అని గొణిగింది.

"తొమ్మిది," అంది టైలరక్క. మందు ఇంకా పంటికి అందలేదు. ఒక్క క్షణం దొరికితే పిల్ల ఈ పూట అన్నం తింటుంది. చేతిలో టేపు ఉన్నట్టే నోటికొచ్చేసింది. "తొమ్మిదింబావు... తొమ్మిదిన్నర..."

గువ్వ కళ్లు అమ్మ వైపు తిరిగాయి. ఆ చూపులో భయం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ. నోరు టక్కున మూసుకుంది. డాక్టరమ్మ చేతిలోని, పళ్లు చూసే చిన్నద్దం ఎగిరి కిందపడింది. పిల్ల కుర్చీ కిందికి దూరి చెవులు మూసుకుంది.

గంటసేపు ఇద్దరూ నేల మీద కూర్చుని బతిమాలారు. "తప్పు నాదమ్మా, నేనే తొందరపడ్డాను," అంది డాక్టరమ్మ. కానీ లెక్క తప్పింది డాక్టరమ్మేనా? ఆ మాట దారంతా టైలరక్కను తినేసింది.

ఇంటికొచ్చాక గువ్వ నీళ్లకు కూడా పెదవి విప్పలేదు. టైలరక్క గిన్నెతో, గ్లాసుతో వెనకాలే తిరిగి తిరిగి చివరకు మిషను పక్కన కూలబడింది. చెంచా తీసి కూతురి చేతిలో పెట్టింది.

"నువ్వే నా పళ్లు చూడు తల్లీ. ఈసారి సరిగ్గా పదే. అమ్మ మీద ఒట్టు."

నోరు బార్లా తెరిచి, "ఒకటి," అంది.

గువ్వ చెంచా కింద పడేసింది. దగ్గరికొచ్చి అరచేత్తో అమ్మ నోరు గట్టిగా మూసింది. ఆ వేళ్ల సందుల్లోంచే టైలరక్క "రెండు" అనబోయింది. గువ్వ రెండో చెయ్యి కూడా వేసింది.