మొదటి కవిత లెక్కలోకి రాదు

తెలుగులో పొయెట్రీ స్లామ్ అంటే ఏమిటి, సింగపూర్‌లో మీరు ఎలా నడుపుతున్నారు, సెలవులకి వచ్చినప్పుడు ఒకసారి చూడొచ్చా అని ఈ బ్లాగు చదివేవాళ్ళు కొందరు అడుగుతుంటారు. అందుకని ఈసారి ఫైనల్ రోజు పొద్దున ఇంట్లోంచి కదిలిన దగ్గర్నుంచి సాయంత్రం దాకా వరసగా రాసి పెడదామని ముందే అనుకున్నాను. రూట్లు రాయాలి, ఫోటోలు పెట్టాలి, పనిలో పనిగా మన గొప్ప కాస్త చెప్పుకోవాలి, అదీ ప్లాను. గొప్ప చెప్పుకునే మొహం ఇప్పుడు లేదు. అయినా రాస్తున్నాను. మీ ఊళ్ళో ఇలాంటి పోటీ మొదలుపెట్టేవాళ్ళు నేను చేసిన పని చెయ్యకుండా ఉంటే అదే చాలు.

ముందు పోటీ సంగతి. నెలకోసారి జరుగుతుంది, ఎక్కువ మార్కులొచ్చిన ఆరుగురికి చివర ఫైనల్. కవికి మూడు నిమిషాలు. పాట, వాయిద్యం, వేషం ఏవీ ఉండవు, గొంతు ఒక్కటే. ప్రేక్షకుల్లోంచే ఐదుగురిని జడ్జీలుగా కూర్చోబెడతాం. పదికి మార్కులేసి అట్టముక్క మీద సుద్దతో రాసి పైకెత్తుతారు. పై మార్కు, కింది మార్కు తీసేసి మధ్య మూడూ కలుపుతాం. చిక్కంతా మొదటి కవి దగ్గరే. జడ్జీల చెయ్యి అప్పటికి కుదరదు కాబట్టి మొదట చదివినవాళ్ళకి అన్యాయం జరుగుతుంది. అందుకని పోటీలో లేని ఒకరి చేత ముందు చదివిస్తారు. మార్కులు చూపిస్తారు గానీ లెక్కలోకి తీసుకోరు. స్లామ్ ఎక్కడ జరిగినా ఉన్న పద్ధతే ఇది. ఆ పనికి ఎవరూ దొరకరు. కష్టపడి రాసుకున్నది ఊరికే పోతుందని కుర్రాళ్ళంతా వెనక్కి జరుగుతారు.

మాకు మాత్రం ఒకరు దొరికారు. వుడ్‌ల్యాండ్స్‌లో ఉండే సుబ్బరత్నమ్మ ఆంటీ. అనంతపురం వైపు మనిషి. షిప్‌యార్డులో పనిచేసే భర్తతో ముప్పై ఏళ్ళ క్రితం వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఆయన పోయి మూడేళ్ళయింది. ఈ ఏడాది మొదట్లో ఒకరోజు వచ్చి, "నేను గూడా రెండు ముక్కలు చదవచ్చునా నాయనా?" అని అడిగారు. ఆ రోజు మొదట చదవడానికి ఎవరూ లేక నేను జుట్టు పీక్కుంటున్నాను. "అంతకంటేనా ఆంటీ, పెద్దవారు, మీ చేతి మీదుగా మొదలుపెడదాం" అన్నాను. మార్కులు లెక్కలోకి రావన్న ముక్క మింగేశాను. తర్వాతి నెలా అదే మాట, ఆ తర్వాతా అదే. మన భాషలో మర్యాద ఎంత పనికొస్తుందో నాకు అప్పుడు తెలిసింది.

ఫైనల్ శనివారం మధ్యాహ్నం రెండింటికి, క్లెమెంటిలో ఒక అపార్ట్‌మెంట్ బ్లాకు కింద ఉన్న చిన్న హాల్లో. ఆంటీకి మోకాలి నొప్పి, తోడుంటే తప్ప రారు. ఆవిడ రాకపోతే మొదట చదివేవాళ్ళు లేరు. కాబట్టి తొమ్మిది కాకముందే సెంగ్‌కాంగ్‌లో బయల్దేరాను. మీరూ మా వైపు నుంచి వస్తే సెరంగూన్‌లో ఒకసారి, బిషాన్‌లో ఒకసారి రైలు మారాలి. సుమారు గంట పడుతుంది, ఖర్చు రెండు డాలర్ల పైచిలుకు. సెరంగూన్‌లో మారేటప్పుడు నడక ఎక్కువ, పిల్లలతో వస్తే తొందరపడకండి.

వుడ్‌ల్యాండ్స్‌లో దిగి స్టేషన్ దగ్గరి హాకర్ సెంటర్లో, అంటే తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే షెడ్డులో, దోసె చెప్పాను. నాలుగు డాలర్లు, రెండు చట్నీలు, సాంబారు ఎంతైనా పోస్తారు. దోసెలేసే తమిళాయన పెనం మీద మొదటిది వేసి, అంటుకుపోతే గీకి పక్కన పడేశాడు. "ఫస్ట్ వన్ కెనాట్ సెల్ లా, బాస్. పాన్ హాట్ ఆర్ నాట్, చెకింగ్ ఓన్లీ" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ గీకిన దోసెకి ఫోటో తీసి, మా పోటీకి యాంకరింగ్ చేసే హరిణికి పంపాను. హరిణిది వరంగల్, క్లెమెంటిలో గది అద్దెకి తీసుకుని పీహెచ్‌డీ చేస్తోంది. ఫోటో కింద "మన ఆంటీ. తీసుకురావడానికి వెళ్తున్నా" అని రాశాను. పడీపడీ నవ్వే బొమ్మలు నాలుగు వచ్చాయి. దోసె మాత్రం బ్రహ్మాండంగా ఉంది, ఇంకోటి చెప్పించుకుని తిన్నాను.

ఆంటీ వాళ్ళ ఫ్లాటు పన్నెండో అంతస్తు. తలుపు తీసేసరికి కొత్త చీర, జడలో మల్లెపూలు, టేబులు మీద పెద్ద స్టీలు డబ్బా.

"వస్తివా నాయనా. మకన్ ఆయెనా?" అన్నారు. తిండిని మకన్ అనడం ఇక్కడ ఏళ్ళ తరబడి ఉన్నవాళ్ళకి అలవాటు.

"అయిందాంటీ. డబ్బాలో ఏంటి?"

"ఓలిగలు. ఫైనల్ కదా, అందరికీ నోరు తీపి చేద్దామని తెల్లార్తోనే లేస్తి." ఓలిగలంటే బొబ్బట్లు.

ఈలోగా పక్క ఫ్లాటు తలుపు తెరుచుకుంది. ఫాతిమా ఆంటీ అని మలయ్ ఆవిడ, తలకి పూలపూల స్కార్ఫ్ కట్టుకుని చెప్పులేసుకుంటోంది. "టుడే షీ ఫైనల్. తెలుగు డోంట్ నో, నెవర్ మైండ్, ఐ కమ్ అండ్ క్లాప్ లా" అంది నాతో.

నాకు అప్పటికీ పూర్తిగా వెలగలేదు. ఫైనల్ చూడ్డానికి తోడు తెచ్చుకుంటున్నారనుకున్నాను. లిఫ్టులో దిగుతుండగా ఆంటీ అసలు సంగతి చెప్పారు. "పోస్టర్లో ఆరుగురి ఫోటోలే ఉండె. నాది లేదే అని ఒక రోజంతా కిందామీదా పడితి. మళ్ళ నీ మెసేజి వచ్చె, తప్పకుండా రావల్ల, మీ చేతి మీదుగానే మొదలు కావల్ల అని. ఓహో, నా ఫోటో వీళ్ళ దగ్గర లేదేమో, అందుకే వేసుండరు అనుకుంటి. నా మార్కులు ఆ గడ్డమాయన కంటే ఎక్కువే కదా ప్రతిసారీ."

గడ్డమాయన ఆరుగురు ఫైనలిస్టుల్లో ఒకడు. ఆవిడ మార్కులు అతని కంటే ఎక్కువన్నది నిజమే. ఇప్పుడే చెప్పెయ్యాలి అనుకున్నాను. లిఫ్టు కిందికి వచ్చింది, ఫాతిమా ఆంటీ డబ్బా నా చేతిలో పెట్టింది, నేను దాన్ని మోసుకుంటూ స్టేషన్ వైపు నడిచాను.

వుడ్‌ల్యాండ్స్ నుంచి క్లెమెంటికి దారి సులువు. ఎర్ర లైన్లో జురాంగ్ ఈస్ట్ దాకా వెళ్ళి, అక్కడ పచ్చ లైన్‌కి మారితే తర్వాతి స్టేషనే. అంతా కలిపి ముప్పావు గంట. రైలు వంతెన మీద పోతుంది కాబట్టి ఎడమా కుడీ అన్నీ కనిపిస్తాయి, కిటికీ పక్కన నిలబడండి. నేనేమీ చూడలేదు. క్రాంజి వచ్చాక చెబుదామనుకున్నాను. క్రాంజి వచ్చింది. చువా చూ కాంగ్‌లో జనం దిగాక చెబుదామనుకున్నాను. దిగారు, అంతకంటే ఎక్కువమంది ఎక్కారు. పక్కన వేరే ఆవిడ ఉంది కదా, ఎలా చెప్పను అని సాకు వెతుక్కున్నాను. ఆ వేరే ఆవిడకి తెలుగు ఒక్క ముక్క రాదు.

బుకిట్ బాటోక్ దగ్గర ఆంటీ అడిగారు. "పోయిన నెల నేను చదివింది ఎట్లుండె? నిజం చెప్పు."

"సూపర్ ఆంటీ."

"ఏ మాట బాగుండె?"

ఒక్క మాట గుర్తు లేదు. గుర్తుండడానికి నేను వింటే కదా. ఆవిడ చదివే మూడు నిమిషాలూ నాకు మైకు సరిచెయ్యడానికి, కుర్చీలు జరపడానికి, ఆలస్యంగా వచ్చినవాళ్ళని కూర్చోబెట్టడానికి కేటాయించిన టైము. "చివరి లైను" అన్నాను.

ఆంటీ నా వైపు చూశారు. "చివరి లైను మర్చిపోతి కదప్పా ఆ రోజు. నమస్కారం పెట్టి దిగేస్తి." తర్వాత కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. అప్పుడైనా చెప్పాలి కదా? జురాంగ్ ఈస్ట్ వచ్చింది, రైలు మారాం, క్లెమెంటిలో దిగాం.

హాలు నిండింది, అరవై మంది పైనే. ఒక్క ఏడాదిలో పన్నెండు మంది నుంచి ఇక్కడిదాకా తెచ్చాం అని చెప్పుకోవడానికి దాచుకున్న వాక్యం ఇది. హరిణిని పక్కకి పిలిచి విషయం చెప్పేలోపే సౌండ్ బాక్సులోంచి గుయ్యిమని శబ్దం, నేను దాని మీద పడ్డాను. అబద్ధమెందుకు, అది వేరేవాళ్ళు కూడా చూసుకోగలరు. నేను పారిపోయాను.

హరిణి ఆంటీని పిలిచింది, ఆంటీ మైకు దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ముందు వరసలో అట్టముక్కలు పట్టుకుని కూర్చున్న ఒక కొత్త జడ్జి చెయ్యెత్తి, "మేడమ్, వీరికి వేసే మార్కులు టోటల్లో కలుస్తాయా?" అని అడిగాడు. ఎప్పుడూ జడ్జీలకి ఈ ముక్క హరిణి ముందే విడిగా చెబుతుంది. ఆ రోజు హడావిడిలో మర్చిపోయింది.

"లేదన్నా, కలవయ్. ఇది మీకు ప్రాక్టీస్ కోసం" అంది హరిణి మైకులో నవ్వుతూ. "పెనం కాగిందా లేదా అని మొదటి దోసె ఏస్తం చూడు, గట్లన్నట్టు. అసలు పోటీ దీని తర్వాత."

హాలంతా నవ్వింది. ఆ జోకు నాది. నా ఫోన్లోంచే వెళ్ళింది. ఆంటీకి తెలియదని హరిణికి తెలియదు, ఆ పిల్ల తప్పేమీ లేదు. అందరూ నవ్వుతున్నారు కాబట్టి ఆంటీ కూడా కొంచెం నవ్వారు. నవ్వి, తల తిప్పి, సౌండ్ బాక్సు పక్కన వంగి ఉన్న నన్ను వెతికి పట్టుకుని చూశారు. కోపంగా చూసినా బాగుండేది. తర్వాత చదివారు. ఈసారి విన్నాను.

"నా చీర ఆరు గజాలు,
కిటికీ బయట వెదురు కర్ర మూడు గజాలు.
సగం చీర ఎండకి, సగం చీర నాకే.
గాలొచ్చి లాగితే
అవతలి కొస పట్టుకోవల్సిన మనిషి
గోడ మీద ఫోటోలో
చేతులు కట్టుకోని నిలబడినాడు."

ఇంకా ఉంది, నాకు నోటికి వచ్చింది ఇంతే. గొంతు ఒక్కచోట కూడా తడబడలేదు. చివరి లైను మర్చిపోలేదు. అట్టముక్కలు లేచాయి, ఐదుగురిలో నలుగురు తొమ్మిది దాటించారు. సాయంత్రం దాకా ఇంకెవరికీ అన్ని రాలేదు. హరిణి మార్కులు చదివి, అలవాటు ప్రకారం అట్టముక్కలు తుడిపించింది.

ఫాతిమా ఆంటీ చేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టి నా మోచెయ్యి పట్టుకుంది. "సో హై మార్క్. షీ విన్ ఆర్ నాట్?"

తెలుగులో నెలల తరబడి చెప్పలేని సంగతి ఇంగ్లీషులో ఒక్క వాక్యంలో చెప్పాల్సి వచ్చింది. నాట్ కౌంటెడ్ ఆంటీ, షీ ఈజ్ ఫర్ ప్రాక్టీస్ అన్నాను. "హూ సే?" అంది. నేనే అన్నాను. చెయ్యి వదిలేసింది.

గడ్డమాయన గెలిచాడు. బాగా చదివాడు, అందులో వంక పెట్టడానికి లేదు. ఓలిగలు అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారు, ఆంటీయే తిరిగి తిరిగి పెట్టారు, నాకూ ఒకటి పెట్టారు. సాయంత్రం ఆరు దాటాక మళ్ళీ ముగ్గురం అదే రైల్లో. రైలు చువా చూ కాంగ్ దాటింది.

"ఆంటీ, క్షమించండి. నేను మొదట్లోనే చెప్పాల్సింది" అన్నాను చివరికి.

"చెప్పింటే నేనే ఒప్పుకుంటా ఉంటి గదప్పా. ఎవరో ఒకరు ముందు పోవల్ల కదా" అన్నారు ఆంటీ. కిటికీ వైపు తిరిగి, "నాకు మర్యాద చేస్తాండావనుకుంటి" అన్నారు. మళ్ళీ నా వైపు తిరిగి, "నువ్వెప్పుడన్నా ఆడ నిలబడి చదివినావా?" అని అడిగారు.

లేదన్నాను. ఏడాదిగా స్లామ్ నడుపుతున్న మనిషిని, నాకోసం ఒక్క అట్టముక్క లేవలేదు. ఆవిడ తలూపారు, ఖాళీ డబ్బా నా చేతిలోంచి తీసుకున్నారు. వుడ్‌ల్యాండ్స్‌లో ఇంటిదాకా వస్తానంటే, "ఫాతిమా ఉండాది, నువ్వు పో" అన్నారు.

జనం పెరిగితే సంఘం పెరిగినట్టే అనుకున్నాను ఇన్నాళ్ళూ. కుర్చీలు లెక్కపెట్టుకుని మురిసిపోయాను. ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళని ఎందుకు కూర్చోబెట్టానో వాళ్ళకి తెలుసా అని నన్ను నేను అడగలేదు. పెద్దరికం పేరు చెప్పి ఒక మనిషిని పెనం మీద పోసి, పైగా ఫోటో తీసి నవ్వుకున్నాను. వచ్చే నెల మొదట చదివేది నేనే. రాసుకున్నది చెత్తగా ఉంది, అయినా చదువుతాను. ఆంటీకి మెసేజి పెట్టాను, మీ చేతి మీదుగా అని కాదు, పోటీలో మీ పేరు వెయ్యమంటారా అని. చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు ఇంకా రాలేదు.

మీకు పనికొచ్చే మాట ఒక్కటి చెప్పి ఆపుతాను. మొదట చదివేవాళ్ళకి, మీ మార్కులు లెక్కలోకి రావు అన్న సంగతి వాళ్ళ గుమ్మం దగ్గరే చెప్పండి, వాళ్ళు చీర మార్చుకోకముందే చెప్పండి. రైలెక్కాక చెప్పొచ్చులే అనుకోవద్దు. వుడ్‌ల్యాండ్స్‌కీ క్లెమెంటికీ మధ్య బోలెడు స్టేషన్లున్నాయి, అన్నిట్లోనూ తలుపులు తెరుచుకున్నాయి, నేను మాత్రం నోరు తెరవలేదు.