ఇర్మాగారి కోడికూత

ఇర్మా బెంటంకోర్ గారు జాజ్ పాడుతూ పాడుతూ ఉన్నట్టుండి కోడిలా కూసేవారు. మోంతెవిదేయో నగరంలో అలాంటి గొంతు మళ్లీ పుట్టదని ఒప్పుకునేవాళ్లు కూడా ఆ కూత దగ్గర మాత్రం బుగ్గలు నొక్కుకునేవారు.

ఆవిడ పాటలన్నీ రికార్డు చేసింది నేనే. మొదటి రికార్డులో ఒక కూత. రెండోదానిలో నాలుగు. మూడోది కోళ్లఫారమే! "ఇది నగరం నిద్రలేచే సంగీతం!" అని ఒక విమర్శకుడు పరవశించి రెండు పేజీలు రాశాడు. మా అమ్మ మాత్రం, "ఆవిణ్ణి డాక్టరుకి చూపించండ్రా," అని తేల్చేసింది.

"కూసేముందు కాస్త సైగ చెయ్యండమ్మా, మీటరు ముల్లు విరిగేలా ఉంది," అని బతిమాలాను.

"నాకేం తెలుసు నాయనా? కోడినడిగి చెప్తాను."

ఆవిడ పాటకి డోలు వాయించే నికనోర్ తాతకు డెబ్బై ఆరేళ్లు. మా ఊరి డోలువాళ్లందరిలాగే స్టూడియో బయట ఫుట్‌పాత్ మీద పాత పేపర్లు అంటించి, డోలు చర్మం కాచుకుని గాని లోపలికొచ్చేవాడు కాదు. ఆ పొగ వాసన తగిలితేనే ఇర్మాగారు గొంతు విప్పేవారు.

నాలుగో రికార్డు పూర్తయ్యాక రికార్డు కంపెనీ యజమాని సబీనో కోపంతో ఊగిపోయాడు. "ఒక్క కూత వినపడినా ఇది బయటికి రాదు. అన్నీ కత్తిరించెయ్!"

సరేనని ఆవిడ గొంతున్న ట్రాకు మూసి, డోలు ఒక్కటే విన్నాను. ఒళ్లు ఝల్లుమంది! కూత ఉన్న ప్రతిచోటా తాత చెయ్యి తడబడింది. పాత టేపులు తీశాను. మొదటిదానిలో ఒక తడబాటు. రెండోదానిలో నాలుగు. కూతలు తీసేస్తే ఈ తడబాట్లు బయటపడతాయి, సబీనో తాతను మర్నాడే ఇంటికి పంపేస్తాడు.

ఇర్మాగారి దగ్గరికి పరిగెత్తాను. "కోడి గుట్టు తెలిసిపోయిందమ్మా!"

"అరవకు, ముసలాయన వింటాడు. ఆ డోలు లాగేసుకుంటే ఆయన గోడలు చూస్తూ కూర్చోవాలి. నాకెటూ పిచ్చిదన్న పేరుంది కదా, అదైనా పనికొస్తోంది."

ఆవిడ మీద నాకెంత ప్రేమ పొంగిందో చెప్పలేను. నేరుగా వెళ్లి సబీనోతో పచ్చి అబద్ధమాడాను. "కూతలుంటే ఆ విమర్శకుడు ఈసారి నాలుగు పేజీలు రాస్తాడట!"

"నాలుగు పేజీలా! అయితే ఇంకో రెండు కూయించు!"

ఆ రెండు కూతల కోసం మళ్లీ రికార్డింగు పెట్టాం. నికనోర్ తాత బయట డోలు కాచుకుంటూ నన్ను చెయ్యి పట్టి పక్కకి లాగాడు.

"ఒక్క మాట, ఎవరికీ చెప్పకు. ఇర్మా పెద్దదైపోయింది, పాపం. మధ్యలో పాట మర్చిపోయి కోడిలా కూస్తోంది. అందుకే సరిగ్గా అప్పుడే నేను కూడా కాస్త తడబడి, పదిమందిలో ఆమె పరువు కాపాడుకొస్తున్నాను."

"నువ్వు లేకపోతే ఆవిడేమైపోయేదో తాతా," అని మంటలో ఇంకో పేపరు వేశాను.