పదకొండు బారలు

ఆ రోజు ఉదయం పది గంటల నలభై నిమిషాలకి మా ఇంటికి గ్యాస్ సిలిండర్ వచ్చింది. సిలిండర్ అందినట్టు వచ్చిన మెసేజ్ ఇంకా నా ఫోన్‌లో ఉంది కాబట్టి టైము కచ్చితంగా చెప్పగలను. అప్పటికి గంటన్నర ముందు నా మరిది సన్యాసినాయుడు ఫోన్ చేసి, పన్నెండింటికి పొలంలో నూతిలోకి దిగుతున్నానని చెప్పాడు.

"మోటారు దిమ్మ మీంచి జారి నూతిలో పడిపోనాది వదినా. తోట ఎండిపోతంది. నేనే దిగి తాడు కట్టీస్తాను. ఆరు బారలే కదా, కింద నడుం లోతు నీళ్లు" అన్నాడు.

సరే జాగ్రత్త అన్నాను. సిలిండర్ తెచ్చినాయన వెళ్లిపోయాక మా ఆయన గది తాళం తీశాను.

నేను దెయ్యాల్ని నమ్మే మనిషిని కాదు. చోడవరం శాఖా గ్రంథాలయంలో ఇరవై తొమ్మిదేళ్లు పనిచేశాను. అక్కడ అన్నిటికన్నా ఎక్కువ నలిగేవి దెయ్యాల నవలలే. ఊడిపోయిన అట్టలు నేనే అతికించేదాన్ని, అతికిస్తూ చదివేదాన్ని. ఎప్పుడూ భయం వెయ్యలేదు. మా ఆయన పోయిన తర్వాత కూడా ఏడాదిపాటు ఒక్కదాన్నే ఆ ఇంట్లో పడుకున్నాను. ఏమీ కనిపించలేదు, వినిపించలేదు. వినిపిస్తే బాగుండునని అనుకున్న రోజులున్నాయి. అయినా వినిపించలేదు.

ఆయన చెరకు ఫ్యాక్టరీలో బళ్లు తూచే కాటా దగ్గర గుమాస్తాగా చేశారు. జీవితంలో ఓడ ఎక్కలేదు. కానీ ఓడలు నడిపేవాళ్లు వాడే సముద్ర పటాలంటే ఆయనకి పిచ్చి. ఇప్పుడు ఓడల్లో అంతా కంప్యూటర్ తెరలే కాబట్టి కాగితం పటాలు తుక్కు సామానుతో పాటు ఒడ్డుకి వచ్చేస్తున్నాయి. ఆయన నెలకోసారి విశాఖ వెళ్లి పాత సామాన్ల షాపుల్లో వెతికి తెచ్చుకునేవారు. ఇరవై ఏళ్లలో నూట నలభై దాకా పోగయ్యాయి. అన్నిటికన్నా పాతది మన తీరం పటం. తెల్లవాళ్ల కాలంలో రాగిరేకు మీద చెక్కి అచ్చు వేసింది. వెనక గుడ్డ అతికించి ఉంటుంది.

సముద్ర పటంలో సముద్రమంతా అంకెలుంటాయి. ఎక్కడ ఎంత లోతో చెప్పే అంకెలు. పాత పటాల్లో అవి బారల్లో ఉంటాయి. రెండు చేతులూ చాపితే ఈ కొస నుంచి ఆ కొసకి ఒక బార. పటాల వాళ్లు దాన్ని ఆరడుగులని ఖాయం చేసుకున్నారు. నేల మాత్రం ఖాళీగా ఉంటుంది. సముద్రంలోంచి కనిపించే కొండలు తప్ప ఇంకేమీ గియ్యరు. చోడవరం ఉండాల్సిన చోట ఉత్త కాగితం.

ఆ ఖాళీని ఆయన పెన్సిల్‌తో నింపడం మొదలుపెట్టారు. చోడవరం, కె.కోటపాడు, చీడికాడ, దేవరాపల్లి. తర్వాత నూతులు. ఆదివారాలు సైకిల్ వేసుకుని తెలిసినవాళ్ల పొలాలకి వెళ్లి, తాడుకి రాయి కట్టి నూతిలో వదిలి, తడిసిన తాడు పైకి లాగి తన చేతులతో బారలు లెక్కపెట్టేవారు. ఇంటికొచ్చి పటంలో చిన్న సున్న చుట్టి పక్కన అంకె వేసేవారు. తాడు వెయ్యకుండా అంకె వెయ్యకూడదన్నది ఆయన నియమం. ఎవరైనా నోటిమాటగా చెప్పిన లోతు రాసేవారు కాదు. అలాంటి నూతులకి సున్న మాత్రం చుట్టి వదిలేసేవారు.

ఆయన పొట్టి మనిషి. చేతులూ పొట్టివే. అందుకని ఆయన లెక్క అందరి లెక్క కన్నా ఎక్కువ వచ్చేది.

"అన్నియ్యా, నీ బారతో కొలిస్తే మా తోటలో నీళ్లు పారే బోదె కూడా సముద్రవే" అనేవాడు నాయుడు.

"నూతులు మీవి. బార నాది" అనేవారు ఆయన. ఒకసారి పంతానికి గోడకి ఆనుకుని చేతులు చాపి, రెండు వేళ్ల కొసల దగ్గరా గీతలు పెట్టించుకున్నారు కూడా. పెట్టింది నేనే.

సంవత్సరీకం అయిపోయింది. పటాలు సేకరించే ఒక రిటైర్డ్ ఇంజనీరు మర్నాడు విశాఖ నుంచి వాటిని చూడ్డానికి వస్తానన్నారు. నా తర్వాత వీటిని చూసేవాళ్లు ఎవరూ లేరు. అందుకే ఆ ఉదయం గది తీసి ఒక్కొక్కటే దులుపుతూ వచ్చాను. తీరం పటం బల్ల మీద పరిచేసరికి పదకొండు అయ్యుంటుంది.

నాయుడు దిగుతానన్న మా పొలంలో నుయ్యి కె.కోటపాడు దారిలో ఉంది. ఆయన దాన్ని కొలవలేదు. సొంతదే కదా, ఎప్పుడైనా కొలవొచ్చనుకున్నారు. ఈలోగా మంచం పట్టారు. ఆఖరి నెలల్లో ఆ పటం పక్క మీద పరిపించుకుని, "మనది ఉండిపోయింది చూడు" అని ఖాళీ సున్నని వేలితో చూపించారు. నేను కళ్లతో చూశాను. సున్న పక్కన ఏమీ లేదు.

ఇప్పుడు అక్కడ పెన్సిల్‌తో 11 అని ఉంది.

నాకు మొదట వచ్చిన ఆలోచన మామూలుదే. నేను సరిగ్గా చూసి ఉండను, ఆయన ఎప్పుడో కొలిచి ఉంటారు. రెండో ఆలోచన అలాంటిది కాదు. నాయుడు ఆరు బారలన్నాడు. ఆ నూతికి దాదాపు నీళ్ల దాకా రాతి మెట్లున్నాయి. చివరి మెట్టు మీంచి నడుం లోతు నీళ్లలోకి దూకడం వాళ్లకి అలవాటు. నాయుడికి ఈత రాదు.

ఆరుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. కాల్స్ అన్నీ పదకొండూ ఐదుకీ పదకొండూ పన్నెండుకీ మధ్య ఉన్నాయి. చెప్పులేసుకుని రోడ్డు మీదకొచ్చి ఆటో ఎక్కాను. గది తాళం వెయ్యలేదని సగం దారిలో గుర్తొచ్చింది. చెరకు ట్రాక్టర్ ఒకటి దారికి అడ్డంగా నిలిచిపోయి ఉంటే ఆటో దిగి, దాని పక్క నుంచి దూరి, అవతల ఇంకో ఆటో పట్టుకున్నాను. పొలం గట్టు మీద నేను అలా పరుగెత్తడం పెళ్లయిన తర్వాత అదే మొదటిసారి.

నాయుడు చొక్కా విప్పి, లుంగీ ఎగ్గట్టి, మొదటి మెట్టు మీద ఉన్నాడు. పైన ఇద్దరు కూలీలు కప్పీకి తాడు ఎక్కిస్తున్నారు. నన్ను చూసి వాళ్లలో ఒకతను నవ్వాడు.

"ఓ బాబూ, ఏ పుస్తకం ఎగ్గొట్టినావేటి? లైబ్రరమ్మగారు పొలంకాడికే వచ్చీసినారు!"

నాయుడు తలెత్తాడు. "ఏటి వదినా, ఈ ఎండలో? ఫోన్ సేస్తే సరిపోను కదా."

"నీ ఫోన్ ఎక్కడుంది?"

గట్టు మీద, విప్పిన చొక్కా జేబులో ఉంది.

"పైకి రా. అది పదకొండు బారల లోతుంది" అన్నాను.

"ఎవులు సెప్పినారు?"

"మీ అన్నయ్య పటంలో ఉంది."

"అన్నియ్య బార సంగతి నీకు తెల్దా?" అని నవ్వి, నవ్వు మధ్యలో ఆపేశాడు. "ఎప్పుడు రాసినాడు వదినా? పోయిన వేసంగిలో నేనే అడుగున నిలబడి బురద తీయించినాను. ఆరు బారలకి జానెడు కూడా ఎక్కువ నేదు. అప్పటికి అన్నియ్య పోయి మూడు నెల్లు."

ఆయన ఎప్పుడు కొలిచి ఉన్నా ఆరే రావాలి, మహా అయితే ఏడు. అప్పటికి లేని లోతు ఆయన ఎలా రాస్తారు?

నాయుడు పైకి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. గొంతు తగ్గించి, "బెంగెట్టుకున్నావు వదినా. ఇంటికెళ్లి పడుకో. సాయంత్రం నీ తోటికోడలు కూర అంపుతాది" అన్నాడు.

"పడుకుంటాను. ముందు తాడు వెయ్యి."

"తాడేటి, నీళ్లు కనబడతన్నాయి కదా."

"వెయ్యి. అడుగు తగిలితే నేనే వెళ్లిపోతాను."

నన్ను పంపించడానికే వేశాడు. కూలీ ఒక బండరాయి కట్టి వదిలాడు. పైనుంచి చూస్తే నీళ్లు ఎప్పుడూ ఉండే మట్టంలోనే ఉన్నాయి, ఆకుపచ్చగా. రాయి నీళ్లలో పడింది. తాడు వెళుతూనే ఉంది. యాభై అడుగుల తాడు కొస కూలీ చేతిలోకి వచ్చింది. బిగువు తగ్గలేదు. "గోడవారన పడుంటాది" అని ఇంకో పక్క నుంచి వదిలారు. అక్కడా అంతే.

నాయుడు నూతి గట్టు మీద కూర్చున్నాడు. "దూకీద్దును వదినా" అన్నాడు.

మర్నాడు టేపు కట్టి కొలిచారు. యాభై ఎనిమిది అడుగులు. ఎప్పుడో తాతల కాలంలో లోతుగా తవ్వి, తర్వాత పూడిపోయిన నుయ్యి అయ్యుంటుందనీ, అక్టోబరు వానలకి ఆ పూడిక కుంగిపోయి ఉంటుందనీ నూతులు తవ్వే మేస్త్రీ చెప్పాడు. అది నాకు అర్థమైంది.

పదకొండు బారలంటే అరవై ఆరు అడుగులు. యాభై ఎనిమిదికి సరిపోదు. ఆ తేడా చూసి నాకు ఒక విధంగా ఊపిరి ఆడింది. అంకె తప్పు, ఏదో కాకతాళీయం అనుకున్నాను. అదే టేపుతో గోడ మీద గీతల మధ్య దూరం కొలవకుండా ఉండాల్సింది. అయిదడుగుల మూడు అంగుళాలు వచ్చింది. యాభై ఎనిమిదిని దాంతో భాగిస్తే పదకొండు బారలు పోగా మూడు అంగుళాలు మిగిలాయి.

విశాఖ నుంచి వచ్చినాయన భూతద్దం పెట్టి చూశారు. పక్కనున్న అంకెలు రాసిన గట్టి పెన్సిల్ లాంటిదే అన్నారు. అంతకన్నా చెప్పలేనన్నారు. నిజమే. 11 అంటే రెండు నిలువు గీతలు. ఎవరైనా గియ్యగలరు, చేతిరాత పోల్చడానికి ఏమీ ఉండదు. గది తాళంచెవి నా దగ్గరే ఉంటుంది. నిద్రలోనో బెంగలోనో నేనే గీశానేమో అని కూడా ఆలోచించాను. గీసి ఉండొచ్చు. కానీ ఆ లోతు నాకెలా తెలుస్తుంది? నాయుడికే తెలియదు.

మిగతా పటాలు ఆ ఇంజనీరుగారికి ఇచ్చేశాను. ఇది ఉంచుకున్నాను.

నాయుడు ఆ నుయ్యి పూడ్పించి బోరు వేయించాడు. పటంలో ఇంకా నాలుగు ఖాళీ సున్నలున్నాయి. ఆ వేసవంతా నేను పొద్దున్న లేవగానే కాఫీ కూడా పెట్టుకోకుండా వెళ్లి వాటిని చూసేదాన్ని. ఒక్కోరోజు మధ్యాహ్నం మళ్లీ చూసేదాన్ని. దేనికోసం చూస్తున్నానో, ఏదైనా ఉంటే ఏం చేస్తానో నాకు తెలియదు. ఉండాలనే అనుకునేదాన్ని. ఆ పదకొండు ఎలా వచ్చిందో అప్పుడూ చెప్పలేకపోయాను, ఇప్పుడూ చెప్పలేను.

ఆ రోజుల్లో నాయుడు కూడా పొలానికి వెళ్లేముందు ఫోన్ చేసేవాడు. వేరే మాటేదీ ఉండేది కాదు. "అన్నియ్య ఏటైనా రాసినాడా వదినా?" అనేవాడు. లేదు బాబూ అనేదాన్ని.

ఇప్పుడూ ఫోన్ చేస్తాడు కానీ అది అడగడం లేదు.