మా వదిన ముక్కు

ఈ రోజు పొద్దున మా కోడలు పొయ్యి మీద పాలు పెట్టి, ఫోనులో వాళ్లమ్మతో మాట్లాడుతూ మరిచిపోయింది. సగం పాలు పొంగి పొయ్యి పాలయ్యాయి. మిగతావి అడుగంటి ఇల్లంతా మాడు వాసన నింపాయి. ఆ పిల్ల గబగబా కిటికీలు తెరిచి, ఫ్యాను వేసి, "అయ్యో అత్తమ్మా, ఇల్లంత కంపైపాయె" అని నొచ్చుకుంటుంటే, నేను వరండాలోంచి లేచివెళ్లి వంటింటి గుమ్మంలో నిలబడి ఆ మాడు వాసనను కావాలని మరోసారి పీల్చాను. కోడలు నన్ను వింతగా చూసింది. పెద్దతనం వల్ల వచ్చిన చాదస్తం అనుకుని ఉంటుంది. ఆ వాసన తెలియకపోతే ఒక మనిషి ఏమైపోతుందో దగ్గరుండి చూసినదాన్ని నేను. ఆ మనిషి మా వదిన.

వదిన గట్టు మండలంలోని ఒక పల్లె నుంచి గద్వాలలో మా ఇంటికి కోడలిగా వచ్చింది. ఆ పల్లె దాటితే కర్ణాటకే కాబట్టి ఆమె మాటల్లో కన్నడం ముక్కలు దొర్లేవి. వడ్డిస్తుంటే కంచం మీద చేయి అడ్డం పెట్టి "సాకు, సాకు" అనేది. వాళ్ల వైపు సాకు అంటే చాలు అని అర్థం. మా అమ్మకు అది తెలియక, కొత్త కోడలు తినకుండా ఏవో సాకులు చెబుతోందని చాలా రోజులు లోలోపల బాధపడింది. ఆ సంగతి తేలిన రోజు ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు.

వదినకు దేవుడిచ్చిన పెద్ద ఆస్తి ఆమె ముక్కు. చూడటానికి మామూలు ముక్కే, ఒక పక్క చిన్న ఎర్రరాయి పుడక. కానీ దాని పనితనం మా బంధువులందరికీ తెలుసు. పచ్చడి జాడీ మూత తీయకుండానే లోపల బూజు పట్టిందో లేదో చెప్పేది. మధ్యాహ్నం చేను గట్టున అన్న తాగిన బీడీని, సాయంత్రం అతను వాకిట్లోకి రాకముందే పట్టేసేది. ఆ ముక్కుకు తోడు నోరు కూడా అలాంటిదే. దేన్నీ ఊరికే మెచ్చుకునే రకం కాదు. మా ఆయన ఒకసారి కొల్లాపూర్ మామిడిపండ్లు బుట్టనిండా మోసుకొచ్చి గర్వంగా ఆమె ముందు పెడితే, ఒక్క పండైనా ముట్టుకోకుండా, "మందేసి మాగబెట్టిండ్రన్నా ఇవ్వి" అని తేల్చేసింది. పండగకు గద్వాల చీర పెడితే దాన్ని ముందు ముక్కు దగ్గరికి తీసుకెళ్లి, గంజి పులిసిందని వంక పెట్టింది. చీర మాత్రం చిరిగేదాకా కట్టింది. ఆమె వంకలు మాకు అలవాటైపోయాయి. గోడ గడియారం చప్పుడులాగా, ఉన్నంతకాలం పట్టించుకోలేదు.

కరోనా రెండోసారి విరుచుకుపడినప్పుడు అన్నకూ వదినకూ ఇద్దరికీ జ్వరం వచ్చింది. దవాఖానలో పడకలు లేని రోజులవి. అదృష్టం బాగుండి ఇంట్లోనే గోళీలు మింగి, కషాయాలు తాగి ఇద్దరూ లేచి కూర్చున్నారు. అందరికీ పోయినట్టే వాళ్లకూ వాసన పోయింది. అన్నకు వారం పది రోజుల్లో వచ్చేసింది. వదినకు రాలేదు. వస్తుందిలే అనుకున్నాం. వానలు పడ్డాయి, వేరుశనగ విత్తారు, ఆమెకు రాలేదు. పక్కనే నిలబడి ఉండగానే కూర మాడిపోయేది. పెరుగు పులిసిందో పాడైందో తెలియక అన్నను పిలిచి చూపించుకునేది. వాసన లేకపోయేసరికి రుచి కూడా పోయింది. కారం మండుతోందని, ఉప్పు తగులుతోందని తెలిసేదంతే.

ఒక సాయంత్రం వదిన దేవుడి గూటి ముందు కూర్చుని, దీపం ముట్టించడానికి అగ్గిపుల్ల తీసింది. అప్పుడే చేను నుంచి వచ్చిన అన్న గడప దగ్గరే గ్యాసు వాసన పసిగట్టి, "పుల్ల గీకకు! ఏయ్, గీకకు!" అని కేకవేసి ఒక్క దూకులో వచ్చి ఆమె చేతిలోని పెట్టె లాగేసుకున్నాడు. వంటింట్లో పొయ్యి ఆరిపోయి గ్యాసు వస్తూనే ఉంది. ఎంతసేపటి నుంచో తెలియదు. సిలిండరు కట్టేసి, తలుపులన్నీ తెరిచి, వాసన పోయేదాకా ఇద్దరూ వాకిట్లోనే కూర్చున్నారట. ఆ తర్వాత వదిన వంటింట్లోకి వెళ్లలేదు. "నా మీద నాకే నమ్మకం లేదు, ఇగ నేను పొయ్యి ముట్టియ్య" అంది. అన్న జొన్నరొట్టెలు కొట్టడం మొదలుపెట్టాడు. అవి ఏ జిల్లా పటమైనా కావచ్చు కానీ రొట్టెలని మాత్రం చెప్పలేం.

కొన్నాళ్లకు అన్న ఫోను చేశాడు. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"చెల్లె, మీ వదినె ఏం పెట్టినా మంచిగుంది అంటది. మాడిన రొట్టె పెట్టినా మంచిగుంది అంటది. బీడీ తాగొచ్చినా ఏమంటలేదు. నాకు బుగులైతుంది."

అతని భయం విని మొదట నవ్వొచ్చింది. తర్వాత ఆ నవ్వు ఎటు పోయిందో తెలియదు. మర్నాడే బయలుదేరి గద్వాల వెళ్లాను. మనిషి సగమైంది. రవికె భుజాల మీద నిలవడం లేదు. నేను తెచ్చిన స్వీటు ముక్క నోట్లో వేసుకుని, మట్టి నమిలినట్టు నమిలి, "మంచిగుంది పిల్లా" అంది. ఆమెను నాతో వనపర్తికి తెచ్చుకున్నాను.

ఇక్కడి చెవి ముక్కు గొంతు డాక్టరమ్మ ఓపికగా చూసి, మందు లేదని, ముక్కుకు మళ్లీ పాఠాలు నేర్పాలని చెప్పింది. లవంగం, నిమ్మచెక్క, అల్లం, ఏవైనా తెలిసిన వాసనలు పొద్దునా సాయంత్రం పీలుస్తూ, అవి ఎలా ఉండేవో గుర్తు చేసుకోవాలట. జన్మంతా బడిపిల్లలకు పాఠాలు చెప్పినదాన్ని, ఇప్పుడు ముక్కుకు చెప్పడం మొదలుపెట్టాను. వదిన కళ్లు మూసుకుని జపం చేసినట్టు లవంగాన్ని పీల్చేది. "వస్తుందా వదినె?" అంటే తల అడ్డంగా ఊపేది. కొన్ని వారాలకు టీ కప్పు నోటి దగ్గర పెట్టుకుని ఉలిక్కిపడి కింద పెట్టేసింది. టైరు కాలిన వాసనట. ఉల్లిగడ్డ తెస్తే కుళ్లిన వాసనట. ఆమె భయపడి ఏడ్చింది. డాక్టరమ్మ మాత్రం ఇది మంచి సూచనే, నరాలు దారి వెతుక్కుంటున్నాయి అంది. దారి వెతుక్కోవడమేమో కానీ ఆ నెలంతా వదిన పెరుగన్నం మీదే బతికింది.

ఆ రోజుల్లోనే మధ్యాహ్నాలు మేమిద్దరం వరండాలో కూర్చుని వేరుశనగ కాయలు ఒలిచేవాళ్లం. ఊరికే ఉండలేక నేనడిగేదాన్ని, "ఇయ్యాల ఏం మంచిగైంది వదినె?" అని.

"ఏముంటది మంచిగ? అవుతల పారేసిన ఇస్తరాకు లెక్క బతుకుతున్న" అని మొదటి రోజు కసిరింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఎన్నాళ్లకో ఒక కసురు! మర్నాడు మళ్లీ అడిగాను. ఆలోచించి, "వేడినీళ్లు ఈపు మీద పోసుకున్నప్పుడు మంచిగైంది" అంది, అప్పు తీరుస్తున్నట్టు అయిష్టంగా. ఆ తర్వాత నేను అడగకముందే చెప్పసాగింది. వేయించిన పల్లీ పంటి కింద పటుక్కుమనడం. ఎండకు వచ్చి చల్లటి బండల మీద అరికాళ్లు ఆనించడం. ఉతికిన దుప్పటి కప్పుకోగానే చెంపకు తగిలే గరుకు. ఒక రోజు అయితే రొట్టె పిండిలో చేయి పెట్టి, ఉడుకునీళ్లకు పిండి మెత్తబడుతుంటే వేళ్ల సందుల్లో ఎంత హాయిగా ఉందో చెబుతూ ఆగిపోయి, "ఇన్నేండ్లు ఇవన్నీ ఏడవొయ్యినయే? ముక్కు ఒక్కటే ముందటుండి, కడమయన్ని ఎనకకు నెట్టేసిందా?" అని నన్నే అడిగింది. ఆ రోజు రొట్టెలు తనే చేసింది. నేను పొయ్యి దగ్గర కాపలా కూర్చున్నాను. ఆమె చేత్తో చేసిన రొట్టె తిని చాలా కాలమైంది. కాస్త మాడినా ఆ సంగతి చెప్పలేదు.

ఇంతలో నాగర్‌కర్నూలులో మా చిన్నమ్మ మనవరాలిని ఉయ్యాలలో వేసే తొట్టెల వేడుక వచ్చింది. వదిన రానంది. తినలేనిదాన్ని నలుగురిలో కూర్చోబెట్టి ఇది తిను అది తిను అంటారని ఆమె భయం. బతిమాలి తీసుకెళ్లాను. బస్సు దిగి, బస్టాండు పక్క గోడ వెంట నడుస్తున్నాం. ఎండ బాగా ఎక్కింది. వదిన నా ముందు నడుస్తున్నదల్లా ఉన్నట్టుండి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"థూ, ఏం కంపు పిల్లా ఇది!"

"మూత్రశాల వదినె, జర జల్ది నడువు" అని నేను అలవాటుగా అనేసి, ఇంకో రెండడుగులు వేసి ఆగిపోయాను. ఆమె కూడా ఆగిపోయింది. ఒకరినొకరు చూసుకున్నాం. వదిన నెమ్మదిగా కొంగు తీసేసి, ఆ గోడవైపు తిరిగి, గుండె నిండా గాలి పీల్చింది. మళ్లీ పీల్చింది. కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి. ఆ చోట అందరూ ఊపిరి బిగబట్టి పరిగెత్తుతుంటే, మా వదిన ఒక్కతే గుడిలో నిలబడ్డట్టు నిలబడింది. గోడ చివర మల్లెపూలు అమ్ముకుంటున్న ఆవిడ కంగారుగా లేచి, "ఏమైందమ్మా, కండ్లు తిరుగుతున్నయా?" అని అడిగింది.

"లేదు బిడ్డా, కంపొస్తుంది!" అంది వదిన, ఏడుపూ నవ్వూ కలిసిపోయిన గొంతుతో.

"ఇయ్యాల కొత్తగొచ్చేదుందా అది, ఎప్పటికొచ్చేదే గద" అని ఆవిడ మా ఇద్దరినీ అనుమానంగా చూసింది. వదిన ఆమె దగ్గర మూర పూలు కొని ముక్కుకు ఆనించుకుంది. పూల వాసన రాలేదు. నేను డీలా పడ్డాను కానీ ఆమె పడలేదు. "రాకపోనీ తియ్. ముందుగాల కంపిచ్చిండు దేవుడు. అదన్న ఇచ్చిండు గద" అని పూలు జడలో తురుముకుంది. తొట్టెల ఇంట్లో ఆ రోజు ఆమె మూడు రకాల కూరలకూ మూడు వంకలు పెట్టింది. నిజంగా తెలిసే పెట్టిందో, సంతోషం పట్టలేక పెట్టిందో ఇప్పటికీ తెలియదు. చిన్నమ్మ నొచ్చుకుంటే నేను పక్కకు తీసుకెళ్లి సంగతి చెప్పాను.

వారం తర్వాత ఆమెను గద్వాలలో దింపడానికి వెళ్లాను. నాగర్‌కర్నూలు సంగతి అన్నకు ఫోనులో చెప్పనివ్వలేదు వదిన. అన్న చేనులో పత్తికి మందు కొట్టి, అలాగే చెమటతో, మట్టికాళ్లతో వచ్చాడు. భార్యను చూసి గడపలో నిలబడ్డాడు. వదిన దగ్గరికి వెళ్లి, ఒక క్షణం ఆగి, ముఖం చిట్లించింది.

"దూరముండుండ్రి. మందు కంపు, చెమట కంపు, మీదికెళ్లి బీడీ కంపు. ముందుగాల పోయి తానం చేసి రాండ్రి."

అన్న కదలలేదు. తలపాగా తీసి చేతిలో పట్టుకుని, బడిలో పిల్లవాడిలా నిలబడి, "ఇంకొకపారి అను" అన్నాడు. వదిన మళ్లీ అంది, ఈసారి ఇంకా గట్టిగా. అన్న అదే తలపాగాతో కళ్లు తుడుచుకుంటూ నీళ్ల తొట్టివైపు వెళ్లాడు. నేను వంటింట్లోకి తప్పుకున్నాను.

ఆ తర్వాత వాసనలు ఒక్కొక్కటిగా, ఏ వరుసా లేకుండా వచ్చాయి. కొత్తిమీర మాత్రం ఇంకా సబ్బులాగే ఉంటుందట. వంకలన్నీ యథాస్థానానికి వచ్చేశాయి, కొన్ని కొత్తవి కూడా చేరాయి. కానీ మధ్యాహ్నం కాస్త తీరిక దొరికితే ఫోను చేసి, ఆ రోజు తనకేది బాగనిపించిందో ఒక్క ముక్కలో చెప్పి, నాదేమిటని అడుగుతుంది. అడుగుతుందని తెలిసి నేను పొద్దుటి నుంచీ చూసుకుంటూ ఉంటాను. రిటైరైన కొత్తలో పొద్దు ఎలా గడపాలా అని బెంగపడేదాన్ని. ఇప్పుడు నాకు దక్కినవన్నీ గమనించి ముగించేలోపే పొద్దు వాలిపోతోంది.